విచారణకు కొత్తగా వచ్చారా? వరంగల్ వైపు కథోలిక కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కాజీపేట, హన్మకొండ, వరంగల్ విచారణలకు, అంటే ఒక్కో గుడి పరిధిలోని కథోలిక సంఘాలకు, ఏటా కొత్త కుటుంబాలు వస్తుంటాయి. రైల్వేలో బదిలీ అయినవాళ్లు, పిల్లల చదువుల కోసం ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల నుంచి వచ్చి గది కిరాయికి తీసుకున్నవాళ్లు, నర్సింగ్ చదివే అమ్మాయిలు, పెళ్లయి వచ్చిన కోడళ్లు. చాలామంది ఆదివారం పూజకు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటారు, చివరి దీవెన కాగానే వెళ్లిపోతారు. ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయిన కుటుంబాలు నాకు తెలుసు. ఆపద వస్తే ఎవరిని పిలవాలో వాళ్లకు తెలియదు, వాళ్ల ఇల్లెక్కడో మాకు తెలియదు. అలా ఉండిపోకూడదనే ఈ జవాబులు రాస్తున్నాను. పూజ వేళలు, ఆఫీసు వేళలు ఒక్కో విచారణలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి అవి గేటు దగ్గరి బోర్డు మీద చూసుకోండి.

విచారణలో పేరు ఎలా రాయించుకోవాలి?

పూజ అయ్యాక నేరుగా ఫాదర్ గారిని కలవండి, లేదా ఆఫీసుకు వెళ్లండి. ఇంట్లో ఎంతమంది, ఎవరెవరికి జ్ఞానస్నానం (బాప్తిస్మం), భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం) అయ్యాయి, పెళ్లి ఎక్కడ జరిగింది, ఇల్లు ఎక్కడ, ఫోన్ నంబరు ఎంత అని అడుగుతారు. పాత విచారణ గురువు ఇచ్చిన ఉత్తరం ఉంటే మంచిది. లేకపోయినా పేరు రాసుకుంటారు, ఆ కాగితాలు తర్వాత తెప్పించుకోవచ్చు.

కిరాయి ఇంట్లో ఉంటున్నాం, వచ్చే ఏడాది ఎక్కడుంటామో ఏమో అని కొందరు వాయిదా వేస్తుంటారు. ఆర్నెల్లు ఉండేవాళ్లయినా రాయించుకోండి. ఇల్లు మారితే అడ్రసు మార్చడం ఒక్క నిమిషం పని.

మా ఏరియా ఏ విచారణ కిందికి వస్తుంది? మేత్రాసనం సంగతేంటి?

మీ కాలనీ పేరు చెబితే ఏ గుడి ఆఫీసులోనైనా చెబుతారు. వరంగల్ మేత్రాసనం (ఒక బిషప్ గారి కింద ఉండే విచారణలన్నీ కలిసిన ప్రాంతం) 1952లో హైదరాబాద్ మేత్రాసనం నుంచి విడిపోయి ఏర్పడింది. మొదటి మేత్రాణులు (బిషప్) ఇటలీ నుంచి వచ్చిన మిషనరీ అల్ఫోన్సో బెరెట్టా. ఖమ్మం కూడా మొదట ఇందులోదే, 1988లో వేరే మేత్రాసనమైంది. మేత్రాసనానికి తల్లి గుడి కాజీపేట దగ్గరి ఫాతిమానగర్‌లో ఉన్న ఫాతిమా మాత కెథడ్రల్. కరీంనగర్ వైపు విచారణలు కూడా వరంగల్ మేత్రాసనానివే.

మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు బదిలీ అయినవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ 1999లో ఏర్పడిన ఆదిలాబాద్ మేత్రాసనం కేరళలో పుట్టిన సిరో మలబార్ కథోలిక సంప్రదాయానిది. పూజా క్రమం, ప్రార్థనల వరుస మనం అలవాటు పడినట్టు ఉండవు. మొదటిసారి వెళ్లినవాళ్లు ఇది మన గుడేనా అని కంగారుపడతారు. నిశ్చింతగా వెళ్లండి. అదీ కథోలిక శ్రీసభే (చర్చే), అక్కడ పాల్గొన్న ఆదివారం పూజ మీకు చెల్లుతుంది, పూజలో ఇచ్చే పవిత్ర అప్పం, అదే సత్ప్రసాదమూ తీసుకోవచ్చు.

వాడ ప్రార్థన అంటే ఏంటి? తప్పకుండా వెళ్లాలా?

తప్పనిసరి అని ఎవరూ అనరు. కానీ నన్నడిగితే, విచారణలో ఏదో ఒక్కదానికే రాగలనంటే ఆదివారం పూజ తర్వాత దీనికే రండి.

విచారణను వాడలుగా, కాలనీలుగా విడదీస్తారు. కొన్నిచోట్ల వీటినే చిన్న క్రైస్తవ సంఘాలు అంటారు. వారానికో, పదిహేను రోజులకో ఒక ఇంట్లో కలుస్తారు. ఆ ఇంటివాళ్లు ముందు గదిలో మంచం గోడకు నిలబెట్టి, పక్కింటి నుంచి తెచ్చిన చాపలు పరుస్తారు. స్టూలు మీద తెల్ల గుడ్డ వేసి మరియమాత స్వరూపం, బైబిలు పెడతారు. కొవ్వొత్తి ఒరిగిపోకుండా స్టీలు గ్లాసులో బియ్యం పోసి అందులో గుచ్చుతారు. జపమాల చెప్పాక ఎవరో ఒకరు సువిశేషం చదువుతారు, మరొకరు తమకు తోచింది రెండు మాటలు చెబుతారు. ఆ మాటల్లో అందం లేకపోయినా ఫర్వాలేదు. కూతురి కాన్పు గురించి భయపడుతున్న తల్లి అదే వాక్యానికి చెప్పే అర్థం ఏ ప్రసంగంలోనూ దొరకదు. చివర్లో అందరి అక్కరలు పేరు పేరునా చెప్పి ప్రార్థిస్తారు. తర్వాత చాయ్, గుడాలో బిస్కెట్లో.

అసలు పని ఆ చాయ్ దగ్గరే మొదలవుతుంది. ఎవరి అబ్బాయికి ఉద్యోగం పోయింది, ఎవరింట్లో ముసలమ్మ మంచం పట్టింది, ఎవరికి ఎంజీఎం ఆసుపత్రిలో ఆపరేషన్ ఉంది, రక్తం ఎవరిస్తారు, ఫీజు గడువు ఎవరికి దాటిపోయింది, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. ఫాదర్ గారికి వెయ్యి ఇళ్లుంటే అన్నీ ఆయన ఒక్కరే చూడలేరు. వాడ నాయకురాలు చూస్తుంది. చాలా వాడల్లో ఆ బాధ్యత మహిళలదే, నేను చూసినంతలో వాళ్లే బాగా చేస్తున్నారు కూడా.

మాది ఒక్క గది ఇల్లు. మా ఇంట్లో ప్రార్థన పెట్టుకోవచ్చా?

పెట్టుకోండి. వాకిట్లో, మేడ మీద, మెట్ల కింద కూడా జరుగుతాయి. మంచినీళ్లు ఇస్తే చాలు. టిఫిన్లు పెట్టే పోటీ మొదలైన వాడల్లో లేనివాళ్లు ప్రార్థనను తమ ఇంటికి పిలవడం మానేస్తారు. అందుకే చాయ్ కంటే ఎక్కువ పెట్టొద్దని కొన్ని విచారణల్లో ఖచ్చితంగా చెబుతారు, అది మంచి నియమం.

ఏయే సంఘాలున్నాయి? ఎందులో చేరితే బాగుంటుంది?

అన్ని గుళ్లలో అన్నీ ఉండవు. ఎక్కువగా కనిపించేవి రెండు. మరియదళం 1921లో ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో మొదలైంది. సభ్యులు వారం వారం కలిసి జపమాల చెప్పి, ఇద్దరిద్దరుగా రోగుల దగ్గరికి, గుడికి రావడం మానేసిన ఇళ్లకు వెళ్లి, ఏం చేశామో వచ్చేవారం చెబుతారు. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఒజనాం అనే విద్యార్థి, అతని స్నేహితులు కలిసి విన్సెంట్ డి పాల్ సభను పెట్టారు. ఆ సభవాళ్లు పేద కుటుంబాలను దత్తత తీసుకున్నట్టు చూసుకుంటారు. నెలకింత బియ్యం, మందుల ఖర్చు, బడి తెరిచేటప్పుడు పుస్తకాలు ఇస్తారు. ఇచ్చేది గుడి ముందు పిలిచి ఇవ్వరు, ఇంటికెళ్లి ఇస్తారు. ఎవరికిచ్చారో బయట చెప్పరు. సాయం అడగాలంటే మీకు సిగ్గుగా ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇవిగాక మహిళా సంఘం, యువత, క్వైర్, బలిపీఠ సేవకులు, గుడి అలంకరణ చేసేవాళ్లు, ఈస్టర్‌కు ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారానికి ఈత మట్టలు తెచ్చేవాళ్లు ఉంటారు. మీకు వచ్చిన పనితోనే మొదలుపెట్టండి. కరెంటు పని తెలిసినవాళ్లు మైకు సెట్టు చూసుకుంటారు. అకౌంట్స్ తెలిసిన రిటైర్డ్ ఉద్యోగులు ఆర్థిక మండలికి చాలా అవసరం, ప్రతి విచారణలో ఆ మండలి ఉండి తీరాలని శ్రీసభ చట్టమే చెబుతోంది.

పాడటం రాదు, అయినా క్వైర్‌లో చేరొచ్చా?

చేరొచ్చు. తబలా, డోలక్, కీబోర్డు నేర్చుకునే పిల్లలకు ఇంతకంటే మంచి చోటు లేదు. ప్రాక్టీస్ చీకటి పడేదాకా సాగితే అమ్మాయిలను ఇంటిదాకా దిగబెట్టే ఏర్పాటు ఉందా అని తల్లిదండ్రులు ముందే అడగాలి. అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

పిల్లల సత్యోపదేశం (మత బోధన తరగతులు) ఎప్పుడు మొదలవుతుంది?

బడిలో చేరిన ఏడు నుంచే పంపొచ్చు. ఆదివారం పూజకు ముందో తర్వాతో సిస్టర్లు, ఉపదేశులు, కాలేజీ పిల్లలు తరగతులు చెబుతారు. మొదటి దివ్యసత్ప్రసాదానికి మామూలుగా మూడు, నాలుగు తరగతుల పిల్లలను సిద్ధం చేస్తారు. ట్యూషన్ ఉందని తరగతి ఎగ్గొట్టించి, పండుగకు నెల ముందు తెల్ల గౌను కుట్టించి తీసుకొచ్చే తల్లిదండ్రులుంటారు. దయచేసి అలా చేయకండి. పిల్లలు ఆ ఏడాదంతా కలిసి కూర్చున్న స్నేహితులతోనే తర్వాత యువతలోకి వస్తారు. మధ్యలో వచ్చిన పిల్ల అక్కడ పరాయిదానిలా నిలబడుతుంది.

నాకు నైట్ డ్యూటీలు. ఆదివారం ఉదయం రాలేను.

శనివారం సాయంత్రం పూజ ఉంటే అది ఆదివారానికి చెల్లుతుంది. అదీ కుదరకపోతే ఫాదర్ గారితో చెప్పండి, డ్యూటీ మీద రాలేకపోవడం పాపమని టెన్షన్ పడొద్దు. లోకో పైలట్లు, నర్సులు ఎక్కువగా ఉన్న విచారణల్లో ఇది అందరికీ తెలిసిన కష్టమే.

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలో ఏం జరుగుతాయి?

విభూతి బుధవారంతో మొదలై ప్రతి శుక్రవారం సిలువ మార్గం, అంటే క్రీస్తు శ్రమలను తలుచుకునే 14 స్థలాల ప్రార్థన. శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే) చాలా చోట్ల వీధుల్లోనే నడుస్తారు. విభూతి బుధవారం, శుభ శుక్రవారం ఉపవాసం 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకు, మాంసం మానడం 14 దాటినవాళ్లకు. షుగర్ మందులు వేసుకునేవాళ్లు, గర్భిణులు ఉపవాసం చేయకూడదు. మానేసిన తిండి ఖర్చును కవరులో వేసి పేదల కోసం ఇవ్వడం చాలా ఇళ్లలో ఆనవాయితీ.

క్రిస్మస్‌కు, విచారణ పండుగకు మేమేం చేయొచ్చు?

చేతినిండా పని ఉంటుంది. డిసెంబర్ మొదటి పది రోజుల్లోనే ఇంటింటికీ క్యారల్స్ మొదలవుతాయి. ఎవరింటికి ఏ రోజు వస్తారో వాడ నాయకులు చెబుతారు. పశువుల పాక కోసం పిల్లలు పాత గిన్నెల్లో, ట్రేలలో మట్టి పోసి వడ్లు, రాగులు చల్లుతారు. రోజూ నీళ్లు చిలకరిస్తే 24వ తేదీకి వేలెడెత్తు పచ్చగా లేస్తాయి. ఆ నారు పాక చుట్టూ పేర్చి, ఊళ్ల నుంచి తెచ్చిన గడ్డితో కప్పు వేస్తారు. వెదురు బద్దలు కట్టి రంగు కాగితాలు అంటించిన నక్షత్రం పెద్దవాళ్ల పని. ప్లాస్టిక్ నక్షత్రాలు చవకే, అయినా పిల్లలతో కలిసి ఒక్కటైనా చేతితో కట్టించమని నా మనవి. అర్ధరాత్రి పూజలో బాలయేసు స్వరూపాన్ని పాకలో పెట్టే పసివాణ్ణి ఎంచేటప్పుడు కొత్త కుటుంబాల పిల్లలను కూడా తలుచుకునే విచారణలు నాకిష్టం. 26వ తేదీ కూడా రాష్ట్రంలో సెలవే కాబట్టి ఆ రోజు ఆటల పోటీలో, వృద్ధాశ్రమానికి భోజనం తీసుకెళ్లడమో పెట్టుకుంటారు.

విచారణ పండుగ ఆ గుడి పునీతులదో మరియమాతదో అవుతుంది. ఫాతిమా మాత పండుగ మే 13, మాత 1917లో పోర్చుగల్‌లో ముగ్గురు పిల్లలకు కనిపించిన రోజు. జెండా ఎగరేశాక తొమ్మిది రోజులు నవదిన ప్రార్థనలు, రోజుకో వాడవాళ్లు బాధ్యత తీసుకుంటారు. చివరి సాయంత్రం తేరు ఊరేగింపు, డప్పులు, కోలాటం, తర్వాత అన్నదానం. మే ఎండలో అంతమందికి వండటం ఎంత కష్టమో వంటల దగ్గర నిలబడ్డవాళ్లకే తెలుసు. కూరగాయలు తరగడానికి, ఆకులు వేయడానికి, అన్నీ అయ్యాక గిన్నెలు కడగడానికి మనుషులు కావాలి. గిన్నెల దగ్గరికి రండి, ఎప్పుడూ తక్కువ పడేది అక్కడే.

మా హిందూ బంధువులను, స్నేహితులను పూజకు తీసుకురావచ్చా?

తప్పకుండా. కూర్చోవచ్చు, పాడొచ్చు, ప్రార్థించొచ్చు. దివ్యసత్ప్రసాదం మాత్రం జ్ఞానస్నానం పొంది, దానికి సిద్ధపడిన కథోలికులకే. ఈ ఒక్క మాట ముందే నెమ్మదిగా చెప్పి తీసుకురండి, వరుసలో నిలబడ్డాక ఆపితే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది. చాలా చోట్ల చేతులు ఛాతీ మీద కట్టుకుని వస్తే గురువు దీవెన ఇస్తారు.

మన వైపు దసరాకు జమ్మి ఆకు పెట్టి పెద్దలకు దండం పెట్టే పొరుగువాళ్లే క్రిస్మస్‌కు మన ఇంటికి కేకు తినడానికి వస్తారు. ఆ రాకపోకలను పాడుచేసే మాట గుడి ఆవరణలో ఎవరి నోటి నుంచీ రాకూడదు.

మేము సీఎస్ఐ వాళ్లం, బాప్టిస్టులం. రావచ్చా?

రండి. ఈ ప్రాంతంలో మీ సంఘాల చరిత్ర తక్కువది కాదు. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్‌కు 1912లో అభిషేకం పొందిన వి. ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) 1947లో ఏర్పడింది. నీళ్లతో, పిత పుత్ర పవిత్రాత్మ నామమున ఇచ్చిన జ్ఞానస్నానాన్ని కథోలిక శ్రీసభ గుర్తిస్తుంది, మళ్లీ ఇవ్వరు. జనవరి 18 నుంచి 25 వరకు క్రైస్తవ ఐక్యత కోసం ప్రార్థించే వారం, మార్చి మొదటి శుక్రవారం మహిళల ప్రపంచ ప్రార్థనా దినం. ఈ రెండూ కలిసి చేసుకోవడానికి మంచి సందర్భాలు.

జ్ఞానస్నానానికి, పెళ్లికి ఎంత ఇవ్వాలి?

కానుక మీ శక్తి కొద్దీ. డబ్బు లేదని ఎవరికీ సంస్కారాలు అందకుండా పోకూడదని శ్రీసభ చట్టంలోనే ఉంది. కొన్నిచోట్ల రోజూ వంటకు బియ్యం తీసేటప్పుడు పిడికెడు పక్కన పెట్టి నెలకోసారి గుడికి తెస్తారు, అది పేదల ఇళ్లకే పోతుంది. ఇచ్చే ప్రతి రూపాయికి రసీదు అడగండి, లెక్కలు చదివే రోజున ఉండండి.

పెళ్లికి ఎంత ముందు చెప్పాలి?

కనీసం మూడు నెలలు. కోర్సు ఉంటుంది, ఇద్దరి విచారణల్లో ప్రకటనలు చదువుతారు, ఆర్నెల్లలోపు తీసిన కొత్త జ్ఞానస్నాన సర్టిఫికెట్ కావాలి. చట్టం ప్రకారం అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఒకరు కథోలికులు కాకపోతే మేత్రాణుల అనుమతి తీసుకోవాలి, అందుకు మరికొంత సమయం పడుతుంది. ఫంక్షన్ హాలు బుక్ చేసి, కార్డులు కొట్టించి, ఆ తర్వాత గుడికి రావద్దు.

చర్చిలో చేరితే కుల సర్టిఫికెట్ పోతుందని అంటున్నారు. నిజమేనా?

ఈ ప్రశ్న చాలామంది గొంతు తగ్గించి అడుగుతారు. దాచాల్సిందేమీ లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాతి సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు, వాళ్ల పిల్లలు తెలంగాణలో బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కిందికి వస్తారు. ఎస్టీలకు ఈ షరతు లేదు, మతం మారినా ఎస్టీలే. అదే వాడలో అవే కష్టాలు పడే మనుషులకు గుడికి వెళ్తున్నారని హక్కు తగ్గించడం అన్యాయమని మన మేత్రాణులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. నాదీ అదే మాట. మీ కాగితాల విషయంలో తెలిసినవాళ్లను అడిగి నిర్ణయించుకోండి, పుకార్లు నమ్మొద్దు.

ఇంట్లో ఎవరైనా జబ్బుపడితే, చనిపోతే ఎవరికి చెప్పాలి?

మొదట వాడ నాయకులకు ఫోన్ చేయండి, వాళ్లు ఫాదర్ గారికి చెబుతారు. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (రోగికి పవిత్ర తైలం పూసి ప్రార్థించే సంస్కారం) చావుకు ముందు ఇచ్చేదని చాలామంది భయపడి ఆలస్యం చేస్తారు. పెద్ద ఆపరేషన్ ముందు, ముసలితనంలో నీరసించినప్పుడు కూడా తీసుకోవచ్చు. రోగికి స్పృహ ఉండగానే పిలవండి, తానూ ప్రార్థనలో పాలుపంచుకుంటే ఎంతో ధైర్యం. గుడికి రాలేని పెద్దవాళ్లకు ఇంటికే సత్ప్రసాదం తెస్తారు.

మరణం జరిగిన ఇంట్లో మొదటి గంటలో ఏం చేయాలో ఎవరికీ తోచదు. ఆ సమయానికి విచారణ చేయగలిగింది చాలా ఉంది. ఒకరు పెట్టె మాట్లాడతారు, ఒకరు సమాధుల తోటలో చోటు చూసి బొంద తవ్వే మనిషిని పిలుస్తారు, ఇద్దరు ఫ్రీజర్ బాక్సు తెస్తారు. ఊళ్ల నుంచి వచ్చే చుట్టాలకు పక్క వాడవాళ్లు అన్నం, పప్పుచారు వండి పంపుతారు. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి పిల్లలకు పాలు, ముసలివాళ్లకు టిఫిన్ ఎవరు చూస్తారో కూడా చెప్పుకుంటారు. మరియదళం సభ్యులు రాత్రంతా కూర్చుని జపమాల చెబుతారు. తెల్లవారుజామున మూడు గంటలప్పుడు, ఏడ్చి ఏడ్చి అందరూ అలిసిపోయిన వేళ, ఆ గదిలో వినిపించే ఆ నాలుగు గొంతులు ఎంత ఆదరువో అనుభవించినవాళ్లకు తెలుసు.

ఇదంతా జరగాలంటే మీ ఇల్లు ఎవరికో ఒకరికి తెలిసి ఉండాలి. వాడ ప్రార్థనకు రమ్మని అన్నిసార్లు చెప్పేది ఇందుకే.

దహనం చేయవచ్చా అని కూడా అడుగుతారు. భూస్థాపనే మన ఆనవాయితీ, అయినా 1963 నుంచి శ్రీసభ దహనాన్ని అనుమతిస్తోంది. అస్థికలను పవిత్ర స్థలంలోనే ఉంచాలి. నవంబర్ 2న సకల ఆత్మల పండుగకు ముందు సమాధుల తోటలో గడ్డి పీకడం, సున్నం వేయడం యువత చేస్తుంది. చూసేవాళ్లు లేని సమాధులకు కూడా ఆ రోజు బంతిపూలు, ఒక కొవ్వొత్తి పెట్టండి.

విచారణలో మనస్పర్థలు వచ్చాయి. గుడికే రావడం మానేయాలనిపిస్తోంది.

మనుషులున్నచోట వస్తాయి. పాట ఎవరు ఎత్తుకోవాలి, విచారణ కౌన్సిల్‌లో ఎవరుండాలి, ఏ కులంవాళ్ల మాట చెల్లాలి, ఇవన్నీ ఉన్నాయి, లేవనడం అబద్ధం. ముందు ఎదుటివాళ్లతోనే మాట్లాడండి, తర్వాత ఫాదర్ గారితో. కులం పేరుతో ఎవరినైనా వెనక్కి నెట్టారంటే అది సర్దుకుపోవాల్సిన విషయం కాదు, కౌన్సిల్ ముందు పెట్టండి, అక్కడ తేలకపోతే మేత్రాసనానికి రాయండి.

బదిలీ అయింది, వెళ్లిపోతున్నాం. ఏం చేయాలి?

ఆఫీసులో చెప్పి కొత్త విచారణకు ఉత్తరం తీసుకోండి. జ్ఞానస్నానం ఎక్కడ జరిగిందో ఆ విచారణ రిజిస్టర్‌లోనే మీ భద్రమైన అభ్యంగనం, పెళ్లి వివరాలు కూడా రాస్తారు, అది ఎక్కడికీ మారదు. అందుకే ఆ ఊరి పేరు, తేదీ, వీలైతే రిజిస్టర్ నంబరు ఇంట్లో రాసిపెట్టుకోండి. వాడ బాధ్యత ఏదైనా మీ చేతిలో ఉంటే, పుస్తకం, మిగిలిన డబ్బు, ముసలివాళ్ల అడ్రసులు తర్వాతివాళ్లకు అప్పగించి వెళ్లండి.